నీ రేటెంత?

మనవాళ్ళకి బేరం ఆడటానికి సిగ్గేమీ ఉండదు. రైతుబజార్‌లో కొత్తిమీర కట్ట దగ్గర కూడా గట్టిగానే అడుగుతాం. జగదాంబ సెంటర్లో చొక్కా 800 అంటే 300 దగ్గర మొదలుపెడతాం. కానీ మన పనికి మనమే ధర చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం గొంతు పెగలదు. "మీ ఇష్టం సార్, ఎంతిస్తే అంత" అనేస్తాం. వినడానికి అది వినయంలా ఉంటుంది. అసలు అర్థం వేరు: మనం ఇంకా లెక్క వేసుకోలేదు అని.

నేను ఫోటోలు తీస్తాను. కాలేజీ ఫెస్టుల్లో మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. అయితే ఈ వ్యాసం ఫోటోలు ఎలా తీయాలో చెప్పడానికి కాదు. ఒక పత్రిక మనల్ని పిలిచి "ఈ పనికి ఎంత తీసుకుంటారు" అని అడిగితే ఆ అంకె ఎక్కడి నుంచి రావాలి అన్నదాని గురించి. పోస్టర్లు డిజైన్ చేసేవాళ్ళకీ, వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళకీ, తెలిసినవాళ్ళకి వెబ్‌సైట్లు కట్టిపెట్టే మన సీఎస్ఈ జనాభాకీ కూడా పనికొస్తుందని రాస్తున్నా.

సెకండియర్ సంక్రాంతి సెలవుల ముందు నాకు ఒక మెయిల్ వచ్చింది. ఒక ఇంగ్లిష్ ట్రావెల్ మ్యాగజైన్ ఎడిటర్ పంపారు. ఏటికొప్పాక లక్క బొమ్మల మీద నాలుగు పేజీల ఫీచర్ వేస్తున్నారట. రాసినవాళ్ళు వేరే రాష్ట్రంలో ఉంటారు, వైజాగ్ దగ్గర్లో ఫోటోలు తీసేవాళ్ళు కావాలి, ఆరు ఫోటోలు, రెండు వారాల టైము. చివర్లో ఒక్క లైను: మీ ఛార్జీలు తెలపండి.

హాస్టల్ రూమ్‌లో ఆ మెయిల్ చదివి వినిపిస్తే నాలుగు జవాబులు వచ్చాయి. ఒకడు "ఫ్రీగా చేసెయ్ బ్రో, ప్రొఫైల్‌కి పనికొస్తుంది" అన్నాడు. ఇంకొకడు "20,000 అడుగు, ఇంగ్లిష్ మ్యాగజైన్ కదా" అన్నాడు. మూడోవాడు వాళ్ళ అక్క పెళ్ళి ఫోటోగ్రాఫర్ రోజుకి ఎంత తీసుకున్నాడో చెప్పి అదే అడగమన్నాడు. నాలుగోవాడు "వాళ్ళనే అడుగు" అన్నాడు. నాలుగూ చెడ్డ సలహాలేం కావు. కానీ ఆ నాలుగింటిలో ఎక్కడా నేను లేను. నాకు ఆ పని చేయడానికి ఎంత అవుతుందో ఒక్కరూ అడగలేదు.

అది అడిగింది మా బాబాయ్. అనకాపల్లిలో ఆయనకి చిన్న స్టూడియో ఉంది. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, స్కూల్ గ్రూప్ ఫోటోలు. ఒకప్పుడు తెలుగు వారపత్రికలకి కూడా తీసేవాడు. ఫోన్ చేస్తే మొదటి మాటే, "ఏట్రా, నోటికొచ్చిన అంకె చెప్పేద్దామనుకున్నావేటి? ముందు నీ రోజు ఖరీదెంతో నాకు చెప్పు."

రోజు ఖరీదు అంటే జీతం కాదు. కెమెరా సంచి భుజాన వేసుకుని బయటికి అడుగు పెట్టిన రోజు, ఒక్క రూపాయి మిగలకముందే నా జేబులోంచి ఎంత పోతుంది అన్న లెక్క. ఆ రాత్రి ఎక్సెల్ తెరిచి ఇద్దరం ఫోన్‌లోనే వేశాం. నా అంకెలు ఇవి.

కెమెరా సెకండ్‌హ్యాండ్ బాడీ, రెండు లెన్సులు, ఫ్లాష్, ట్రైపాడ్ కలిపి 1,20,000. నాలుగేళ్ళు వస్తాయనుకుంటే ఏడాదికి 30,000. లాప్‌టాప్ 80,000; అందులో సగం వాడకం ఫోటోలకే, నాలుగేళ్ళకి పంచితే ఏడాదికి 10,000. మెమరీ కార్డులు, హార్డ్ డిస్కులు, బ్యాటరీలు 8,000. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్ 9,000. రిపేర్లు, సర్వీసింగ్ 7,000. మొత్తం 64,000.

"ఏడాదికి ఎన్ని రోజులు డబ్బులొచ్చే పని చేస్తావు?" అన్నాడు బాబాయ్. ఎన్ని రోజులు ఫోటోలు తీస్తానని కాదు, ఎన్ని రోజులకి డబ్బొస్తుందని. క్లాసులు, ల్యాబులు, మిడ్స్ పోగా ఆదివారాలు, సెలవులు కలిపి మహా అయితే 32. అంటే 64,000ని 32తో భాగిస్తే రోజుకి 2,000. ఇది నా లాభం కాదు. కెమెరా పాడైన రోజు మళ్ళీ కొనుక్కోవడానికి నేను పక్కన పెట్టుకోవాల్సింది. ఆ 2,000 కన్నా తక్కువకి వెళ్ళిన ప్రతిసారీ నా కెమెరాని కొంచెం కొంచెంగా ఆ పత్రికకి ఇచ్చేస్తున్నట్టే లెక్క. షటర్‌కి కూడా ఆయుష్షు ఉంటుంది కదా. నా మోడల్‌కి కంపెనీ చెప్పేది లక్షన్నర క్లిక్కులు. ప్రతి క్లిక్కూ అందులోంచే పోతుంది.

తర్వాత నా శ్రమ. ఒక రోజు షూట్ అంటే ఒక రోజు కాదు. తీసిన ఐదారు వందల ఫోటోల్లోంచి ఏరడం, రంగులు సరిచేయడం, ఎవరు, ఏమిటి, ఎక్కడ అని క్యాప్షన్ వివరాలు రాయడం, పంపడం ఇంకో రోజు. కాబట్టి రెండు రోజులు. రోజుకి ఎంత? ఇక్కడ నేను ఒక చిన్న అంకె చెప్పాను. బాబాయ్ ఒప్పుకోలేదు. "అది హాస్టల్లో ఉన్న కుర్రోడి రేటు. నీ భోజనం ఖర్చు మీ నాన్న కడుతున్నాడు. ఇల్లున్నోడు ఎంతకి వస్తాడో ఆ అంకె వెయ్యి" అన్నాడు. మా వీధిలో తాపీ మేస్త్రి రోజుకి వెయ్యి తీసుకుంటాడు, సిమెంటూ ఇటుకా ఇంటివాళ్ళదే. పని లేని రోజులూ పనికోసం తిరిగే రోజులూ కూడా ఇందులోంచే గడవాలి కాబట్టి 2,500 అని తేల్చాం. రెండు రోజులకి 5,000. దానికి రోజు ఖర్చు 2,000 కలిపితే 7,000. ప్రయాణం వేరే.

ఆ రాత్రి బాబాయ్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. వారపత్రికలకి తీసే రోజుల్లో ఆయనకి రోజు రేటు ఉండేది కాదు. అచ్చయిన ఫోటోకి ఇంత అని ఇచ్చేవారు. రీలు తనదే, కడిగించడం తనదే, ప్రింట్లు కవర్లో పెట్టి వైజాగ్ బస్సుకి ఇవ్వడం తనదే. పది పంపితే రెండు అచ్చయ్యేవి. రెండింటికి డబ్బొచ్చేది, మిగతా ఎనిమిది ఆయన నష్టం. ఎన్ని వాడాలన్నది పత్రిక చేతిలో ఉంది, వాడకపోతే నష్టం మాత్రం తీసినవాడిది. అందుకే "ఫోటోకి ఇంత" అనే రేటు వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, పేజీ తగ్గినా, ప్రకటన వచ్చి ఫోటో ఎగిరిపోయినా దెబ్బ మనకే తగులుతుంది. పిలిచిన పనికి రోజు రేటు అడగాలనడానికి ఇదే కారణం.

ఈ గొడవ మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలో లైఫ్, లుక్ లాంటి ఫోటో పత్రికలు వెలిగిపోతున్న రోజుల్లో, 1944లో అక్కడి మ్యాగజైన్ ఫోటోగ్రాఫర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. 1950ల నాటికి రోజుకి 100 డాలర్లు కనీస రేటు అన్న మాటని నిలబెట్టారు. ఆ పద్ధతిలో ఒక తెలివి ఉంది. రోజు రేటు ఒకటి, అచ్చయిన పేజీల లెక్కన వచ్చే రేటు ఇంకొకటి; రెండింట్లో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. ఒక్క ఫోటో కూడా అచ్చు కాకపోయినా రోజు డబ్బు పోదు. పది పేజీలు వేస్తే పేజీల డబ్బు వస్తుంది.

రెండో ముక్క ఇంకా ముఖ్యమైనది. 1947లో రాబర్ట్ కాపా, ఆన్రి కార్టియే బ్రెసాన్, డేవిడ్ సేమర్, జార్జ్ రోజర్ వంటివాళ్ళు కలిసి మ్యాగ్నమ్ ఫోటోస్ పెట్టారు. మన చేనేత సహకార సంఘాల్లాగే అది కూడా పనిచేసేవాళ్ళదే అయిన సంఘం. వాళ్ళు పట్టుబట్టింది ఒక్కటే: ఫోటో మీద హక్కు తీసినవాడి దగ్గరే ఉండాలి, పత్రిక దాన్ని వాడుకోవడానికి మాత్రమే డబ్బిస్తుంది. ఒక ఫోటోని ఒక దేశంలో ఒక పత్రికకి, ఇంకో దేశంలో ఇంకో పత్రికకి, తర్వాత ఒక పుస్తకానికి ఇవ్వొచ్చు. ఇల్లు అమ్మడానికీ అద్దెకివ్వడానికీ ఉన్న తేడా.

ఇది అర్థమైతే మ్యాగజైన్ రేటు ఎందుకు తక్కువో కూడా అర్థమవుతుంది. పెళ్ళి ఫోటోలు ఆ ఇంటివాళ్ళకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు, అందుకని మొత్తం డబ్బు ఒకేసారి తీసుకోవాలి. ప్రకటన ఫోటో సరుకు అమ్మిపెడుతుంది, ఎంత పెద్దగా, ఎన్ని ఊళ్ళలో, ఎన్నాళ్ళు వాడతారో దాన్నిబట్టి రేటు. పత్రిక ఫోటోకి ఒక పేజీలో ఒక నెల మాత్రమే బతుకు. పేజీ దగ్గర డబ్బు తక్కువ, అందుకే తీసుకునే హక్కు కూడా తక్కువే ఉండాలి. తక్కువ డబ్బుకి తక్కువ హక్కు. తక్కువ డబ్బు, మొత్తం హక్కు అంటే అద్దె డబ్బుకి ఇల్లు రాసిమ్మన్నట్టు.

పెద్ద పత్రికల్లో కూడా రేటు దానంతట అది పెరగదు. న్యూయార్క్ టైమ్స్ ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్లకి చాలా ఏళ్ళు రోజుకి 200 డాలర్లే ఇచ్చింది. 2018లో దాన్ని 450 చేసింది. ఒక్కసారిగా రెట్టింపు కన్నా ఎక్కువ చేశారంటే, అన్నేళ్ళుగా ఎంత వెనకబడి ఉందో చూడండి.

ఇప్పుడు మన చట్టం. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మన దేశంలో లెక్క తిరగబడి ఉంది. అమెరికాలో ఫ్రీలాన్సర్ తీసిన ఫోటో, రాతపూర్వకంగా వేరే ఒప్పందం లేకపోతే, మామూలుగా తీసినవాడిదే. మన కాపీరైట్ చట్టం, 1957లో 17వ సెక్షన్ చూస్తే, ఎవరైనా డబ్బిచ్చి తీయమంటే తీసిన ఫోటోకి మొదటి యజమాని ఆ తీయించుకున్నవాళ్ళే. వేరే ఒప్పందం ఉంటే తప్ప. అంటే పత్రిక మనల్ని పంపి, డబ్బిచ్చి, కాగితం మీద ఏమీ రాసుకోకపోతే, ఆ ఫోటో మీద హక్కు పత్రికది. మనం మౌనంగా ఉంటే సగం అంగీకారం కూడా కాదు, పూర్తి అమ్మకం.

అదే సెక్షన్లో ఒక తమాషా ఉంది. పత్రికలో ఉద్యోగిగా ఉన్న ఫోటోగ్రాఫర్ విషయంలో యజమానికి వచ్చే హక్కు పత్రికల్లో ప్రచురించుకోవడం వరకే, వేరే ఒప్పందం లేకపోతే మిగతా వాడకాలకి హక్కుదారు ఆ ఫోటోగ్రాఫరే. జీతం, సెలవులు ఉన్నవాడికి కొంత మిగులుతుంది. జీతం లేని ఫ్రీలాన్సర్‌కి, నోరు తెరిచి ఒక్క లైను రాసుకోకపోతే, ఏమీ మిగలదు.

ఇంకో రెండు సంగతులు. హక్కు రాసిచ్చేటప్పుడు ఎన్నాళ్ళకో రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం అది ఐదేళ్ళకి అని లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అందుకే కొన్ని ఒప్పందాల్లో "ప్రపంచమంతటా, శాశ్వతంగా" అని పనిగట్టుకుని రాస్తారు. ఆ రెండు మాటలు కనపడితే ఆగి చదవండి. ఇక 57వ సెక్షన్ ఏమంటుందంటే, కాపీరైట్ అమ్మేసినా సరే, ఇది నేను చేసిన పని అని చెప్పుకునే హక్కు చేసినవాడికి ఉంటుంది. కాబట్టి "డబ్బివ్వలేం గానీ మీ పేరు వేస్తాం" అన్నప్పుడు వాళ్ళు ఇస్తామంటున్నది ముందునుంచీ మనదే.

మన బ్రాంచ్ వాళ్ళకి ఇది తేలిగ్గా ఎక్కాలి. గిట్‌హబ్‌లో కోడ్ పెట్టేటప్పుడు లైసెన్స్ ఫైల్ పెడతాం. కోడ్ మనదే, ఎవరు ఎలా వాడుకోవచ్చో ఆ ఫైల్ చెబుతుంది. ఫోటోకి కూడా ఆ ఫైల్ కావాలి. దాని పేరే కొటేషన్.

నా కొటేషన్ ఒక్క పేజీ. పని ఏమిటి: ఒక రోజు షూట్, ఆరు ఫోటోలు, క్యాప్షన్ వివరాలు. ఫీజు: 7,000. ప్రయాణం: బిల్లులతో, 1,200 మించకుండా. వాడకం: ఒక సంచిక అచ్చులో, అదే సంచిక డిజిటల్ కాపీలో, మొదటి ప్రచురణ వాళ్ళదే, అచ్చయిన 90 రోజుల వరకు ఇంకెవరికీ ఇవ్వను, కాపీరైట్ నాది. పేరు: ప్రతి ఫోటో పక్కన. డబ్బు: ఫోటోలు అందిన 30 రోజుల్లో, అచ్చయ్యాక కాదు. రద్దు: షూట్ అయిపోయాక వేసుకోకపోయినా పూర్తి ఫీజు, ముందు రోజు రద్దు చేస్తే సగం.

జవాబు మర్నాడే వచ్చింది. అన్ని ఖర్చులతో కలిపి 4,000, హక్కులన్నీ పత్రికవి. ఫోన్ చేశాను. ఆ మేడమ్ మంచి మనిషి. నాతో దాపరికం లేకుండా మాట్లాడారు. నాలుగు పేజీలకి రచయితకీ ఫోటోలకీ కలిపి ఒక మొత్తం ఇస్తారట, అందులోంచి ఆవిడ సర్దుకోవాలి. నేను అడిగింది ఎక్కువ అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. లేదు అన్నారంతే.

ఇక్కడ బాబాయ్ చెప్పిన సూత్రం పనికొచ్చింది. "డబ్బు తగ్గితే పని కూడా తగ్గాలి. పని అంతే ఉండి డబ్బు ఒక్కటే తగ్గితే అది బేరం కాదు, దానం." నా దగ్గర తగ్గించగలిగేవి మూడు: ఫోటోల సంఖ్య, సమయం, హక్కులు. హక్కులు ముట్టుకోనన్నాను. ఆరు బదులు నాలుగు ఫోటోలు, పూర్తి రోజు బదులు పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం వరకు, అదే రాత్రి ఎడిట్. అంటే ఒక రోజు శ్రమ 2,500, ఖర్చు 2,000, మొత్తం 4,500. బస్సు ఛార్జీలు విడిగా. ఆవిడ సరే అన్నారు. హక్కుల లైను మార్చడానికి మాత్రం వాళ్ళ ఆఫీసులో మూడు రోజులు పట్టింది.

ఏటికొప్పాక వైజాగ్ నుంచి 65 కిలోమీటర్లకి అటూ ఇటూ, యలమంచిలి దాటాక, వరాహ నది పక్కన. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి అదిమిపెడితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో నునుపు తేలుస్తారు. 2017లో ఈ బొమ్మలకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ ఉదయం ఒక పెద్దాయన చేతులు, కరుగుతున్న ఎర్ర లక్క, కిటికీ వెలుగు, ఇవే నాకు దొరికిన మంచి ఫోటో. పత్రిక దాన్ని ఒక పేజీ నిండా వేసింది. డబ్బు 30 రోజుల్లో కాదు, 71 రోజులకి, మూడు రిమైండర్ల తర్వాత వచ్చింది. కాగితం ఉంది కాబట్టి అడగడానికి మొహమాటం లేకపోయింది.

అన్నీ ఇలా జరగవు. ఆ తర్వాత రెండు నెలలకి ఇంకో పత్రిక అడిగింది, అరకు కాఫీ తోటల మీద. ఇలాగే కొటేషన్ పంపాను. "మీ కాలేజీ నుంచే ఇంకొకరు ఫ్రీగా ఇస్తామన్నారు, క్రెడిట్ ఇస్తే చాలన్నారు" అని జవాబు. పని పోయింది. ఆ సంచిక చూశాను. ఫోటోలు బాగున్నాయి. ఆ ఒకరెవరో నాకు తెలుసు, ఇది చదువుతాడు కూడా. వాడి మీద నాకు కోపం లేదు, వాడి ముందే చెబుతున్నా. కానీ ఒక్క ప్రశ్న అడగాలి: ఆ ఫోటోలు నిజంగా ఫ్రీగా వచ్చాయా?

రాలేదు. అరకు రైలు టికెట్ వాడి నాన్నగారి డబ్బు. కెమెరా వాడి పుట్టినరోజుకి కొన్నది. రెండు రోజుల భోజనం, నిద్ర, అన్నీ ఇంకెవరో కట్టారు. మనం ఫ్రీగా పనిచేయగలిగేది మనకి ఖర్చు లేక కాదు, ఆ ఖర్చు ఇంట్లోవాళ్ళు భరిస్తున్నారు కాబట్టి. ఒక రకంగా మన అమ్మానాన్నలు ఆ పత్రికకి చందా కట్టినట్టే. ఆ పత్రికలో ప్రింటర్‌కి డబ్బు ముడుతుంది, కాగితం కొట్టుకి ముడుతుంది, ప్రకటనలు తెచ్చేవాళ్ళకి ముడుతుంది. ఒక్క ఫోటో తీసినవాడికే ముట్టదు.

అయితే ఫ్రీగా ఎప్పుడూ చేయకూడదా? చేయొచ్చు. మన క్లబ్ పత్రిక ముఖచిత్రాలు నేను ఫ్రీగానే ఇస్తాను. ఇక్కడ రాసేవాళ్ళూ దిద్దేవాళ్ళూ పేజీలు పెట్టేవాళ్ళూ ఎవరూ పైసా తీసుకోవడం లేదు. అందరూ ఊరికే చేసే చోట నేనూ ఊరికే చేస్తాను. నా కొలబద్ద అదొక్కటే.

ఇది ఇంతగా ఎందుకు పట్టించుకుంటున్నానో కూడా చెప్పాలి. బాబాయ్‌కి ఇప్పుడు పత్రికల నుంచి పిలుపులు రావు. ఆయన ఫోటోలు పాడవలేదు. ఆయన రేటు చెబుతాడు, కెమెరా ఉన్న కాలేజీ కుర్రాళ్ళు చెప్పరు, అంతే. ఆయన ఎప్పుడూ ఈ మాట నాతో అనలేదు. కానీ ఆ రాత్రి లెక్క వేసేటప్పుడు "ఇల్లున్నోడు ఎంతకి వస్తాడో ఆ అంకె వెయ్యి" అన్నాడు చూడండి, అప్పుడు ఆయన మాట్లాడింది తన గురించే అని నాకు తర్వాత అర్థమైంది. మా చెల్లి స్కూలు ఫీజు ఆ అంకెలోంచే వెళ్ళాలి. నేను నాలుగేళ్ళలో క్యాంపస్ ప్లేస్‌మెంట్ తెచ్చుకుని ఫోటోలు పక్కన పెట్టేయొచ్చు. అప్పటికి నేను పాడుచేసి వెళ్ళిన రేటు మాత్రం అక్కడే ఉంటుంది, దాని మీద బతకాల్సినవాళ్ళ దగ్గర. కాబట్టి నేను చెప్పే రేటు నా ఒక్కడిదే కాదు.

హక్కు దగ్గర పెట్టుకున్నందుకు ఏమైందో కూడా చెబుతాను. ఏటికొప్పాక ఫోటో అచ్చయిన ఐదు నెలలకి, వైజాగ్‌లో ఒక హోటల్ వాళ్ళు ఆ చేతుల ఫోటో తమ రిసెప్షన్ గోడకి కావాలన్నారు. ఒక ప్రింట్, ఒక గోడ, మూడేళ్ళు, 3,000. కాపీరైట్ పత్రికకి రాసిచ్చి ఉంటే ఆ మెయిల్‌కి జవాబిచ్చే హక్కు నాకు ఉండేది కాదు.

అక్కడ ఇంకో లెక్క తేలాల్సి వచ్చింది. ఆ చేతులు నావి కాదు. పత్రిక కథనంలో ఉన్నవాళ్ళకి డబ్బివ్వకపోవడం మామూలు పద్ధతి, డబ్బిస్తే కథనం మీద నమ్మకం పోతుంది. కానీ హోటల్ గోడ కథనం కాదు, వ్యాపారం. పెద్దాయన కొడుక్కి ఫోన్ చేసి సంగతి చెప్పాను, ఒప్పుకుంటేనే ఇస్తానన్నాను, ఒప్పుకుంటున్నట్టు నాలుగు లైన్లు రాయించుకున్నాను, 1,000 ఫోన్‌పే చేశాను. పెద్దాయన ఫోన్ తీసుకుని ఒక్కటే అడిగారు: "కర్ర ఎంతో అడుగుతారు, లక్క ఎంతో అడుగుతారు బాబూ. మా చేతికి ఎంతో నువ్వెలా కట్టావు?" నా 3,000లో మూడో వంతు అని చెప్పాను. సరిపోతుందో లేదో ఆయన అనలేదు, నేనూ అడగలేకపోయాను. ఇప్పుడు నా కొటేషన్లో ఒక కొత్త లైను ఉంది: వ్యాపార వాడకం అయితే, ఫోటోలో ఉన్నవారికి ఫీజులో మూడో వంతు.

చివరిగా చిన్న చిన్నవి. మెయిల్‌లో ఒప్పుకున్నది కూడా రాతే, ఫోన్‌లో మాట్లాడినదాన్ని అదే రోజు మెయిల్ చేసి "ఇలా అనుకున్నాం" అని రాయండి. పాన్ కార్డు తీసుకోండి. ఏడాదికి ఒక హద్దు దాటితే ఫీజులోంచి పది శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్న్ వేస్తే మన ఆదాయాన్నిబట్టి అది వెనక్కి వస్తుంది. పాన్ లేకపోతే కోత ఇరవై శాతం. ఇన్‌వాయిస్‌కి నంబర్ వేయండి. రేటు చెప్పాక ఆగండి. "కానీ తగ్గించొచ్చు లెండి" అని మీరే అనకండి, ఆ మాట అవతలివాళ్ళని అననివ్వండి.

నేనూ బాబాయ్ వేసిన షీట్ క్లబ్ గ్రూప్‌లో పెట్టాను. కాపీ తీసుకుని మీ అంకెలు వేసుకోండి. ఫోటోలకే కాదు, డిజైన్‌కైనా కోడ్‌కైనా గడులు అవే: సామాను, ఏడాది ఖర్చు, డబ్బొచ్చే రోజులు, మీ రోజు ఖరీదు. ఎవరి అంకె వాళ్ళది, నాది మీకు సరిపోవాలని లేదు. ఆ చివరి గడిలో సున్నా మాత్రం కొట్టకండి. కొట్టినా తీసుకోదు, ఫార్ములా అలాగే రాశాను.